పరగడుపున రావాలి

రేపల్లె
12 ఆగస్టు 1991

రాహేలుకి,

ప్రభువు నామంలో వందనాలు. మూడేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి, కవరు చింపకుండానే పొయ్యిలో పెడతావేమో, పెట్టకు. చదివాక పెట్టుకో. ఇది తగువు కోసం రాసింది కాదు.

మొన్న శనివారం మిల్లులో బస్తా దించుతుంటే కడుపులో మంట లేచింది. ఉమ్మాననుకున్నాను, చూస్తే రక్తం. చొక్కా నిండా, బస్తా మీద, కింద పోసిన ధాన్యం మీద. నా జట్టువాడు దేవదానం పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తిరిగే బెల్టు మీద పడేవాణ్ణి. నేను కింద పడుంటే ఓనరు మాత్రం ఆ ధాన్యం పారబొయ్యాలా వద్దా అని అరుస్తున్నాడు. లేవగలిగుంటే వాడి పళ్ళు రాలగొట్టేవాణ్ణి.

ఇక్కడి డాక్టరు మందులిచ్చి, తెనాలి పోయి ఎండోస్కోపీ చేయించుకో అన్నాడు. అదేంటండీ అంటే గొంతులోంచి కడుపులోకి గొట్టం దించి చూస్తారట. "నోట్లోంచా?" అన్నాను. "మరెందులోంచయ్యా?" అని నవ్వాడు. మిల్లులో ఒకడేమో గొట్టం అడ్డం తిరిగితే ఊపిరాడక అక్కడే పోతారంటాడు. ఇంకొకడు కడుపుకి చిల్లు పడుద్దంటాడు. క్యాన్సరైతేనే గొట్టం వేస్తారని మా అమ్మ అప్పుడే శోకాలు మొదలెట్టింది.

నాకు భయమేస్తోందని రాయడానికి సిగ్గుగా ఉంది. తగాదాల్లో కత్తి చూసి కూడా వెనక్కి తగ్గినవాణ్ణి కాదు, నీకు తెలుసు. కానీ వెల్లకిలా పడేసి, నోరు తెరిపించి, ఎవడో నా గొంతులో గొట్టం దూరుస్తాడంటే వాడి చెయ్యి విరిచేస్తాను రాహేలూ. నిజంగా విరిచేస్తాను. నన్ను నేను ఆపుకోలేను.

నువ్వు నర్సు పనికి తిరిగి వెళ్ళావనీ, తెనాలిలో ఆ గొట్టం వేసే గదిలోనే ఉన్నావనీ మన గుడి అయ్యగారింట్లో అమ్మగారు చెప్పారు. ఏం చేస్తారో, ఎంతసేపు చేస్తారో, బతుకుతానో లేదో ఉన్నదున్నట్టు రాయి. తాగుడు మానేశాను. రక్తం పడినప్పటినుంచీ చుక్క ముట్టలేదు.

సువార్త బాగానే ఉంది. నాలుగో తరగతి.

ఏసుపాదం


తెనాలి
17 ఆగస్టు 1991

సువార్త నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాస్తున్నాను. మా గదికి వచ్చే ప్రతి రోగికీ చెప్పేదే మీకూ చెబుతున్నాను.

ముందు రోజు రాత్రి తేలికగా తిని, ఆ తర్వాత ఏమీ ముట్టకూడదు. పొద్దున పరగడుపున రావాలి. కాఫీ వద్దు, మంచినీళ్ళు వద్దు, బీడీ వద్దు, కిళ్ళీ వద్దు. కడుపులో ఏమైనా ఉంటే డోకులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది. అది నిజమైన ప్రమాదం. మీ మిల్లువాళ్ళు చెప్పినవి కావు. కదిలే పళ్ళుంటే ముందే చెప్పాలి. నాకు రెండుండేవి. మీ పిడికిలి వాటిని ఎప్పుడో రాలగొట్టింది.

గొంతులో చేదు మందు కొడతారు. నాలుక మొద్దుబారుతుంది. గొంతు వాచిపోయినట్టు, ఉమ్మి కూడా మింగుడుపడనట్టు ఉంటుంది. ఉన్నట్టుంటుంది అంతే, ఊపిరి ఆగదు. అన్నం దారి వేరు, ఊపిరి దారి వేరు. వెల్లకిలా కాదు, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతారు. గొట్టం కొరక్కుండా పళ్ళ మధ్య ప్లాస్టిక్ కట్టు పెడతారు. ఇక నోరు మూయలేరు, మాట్లాడలేరు. నా కేకలు వీధిలోకి వినపడకుండా నా నోట్లో తువ్వాలు కుక్కారు, గుర్తుందా? అంత ఘోరంగా ఉండదు. ఇక్కడ ముక్కు మూయరు.

డాక్టరుగారు "మింగండి" అంటారు. మింగితే గొట్టం తనంతట తనే జారుతుంది. ఎదురు తిరిగితే గొంతు గీరుకుంటుంది. డోకొస్తుంది, కళ్ళనీళ్ళు కారతాయి, చొంగ కారుతుంది. కారనివ్వాలి, మింగకూడదు. కడుపులోకి గాలి ఊదుతారు, తేన్పులొస్తాయి. పుండు కనిపిస్తే చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపుతారు, ఆ నొప్పి తెలియదు. అంతా కలిపి పది నిమిషాలు. తర్వాత తిమ్మిరి వదిలేదాకా నీళ్ళు కూడా తాగకూడదు. రెండు రోజులు గొంతు మండుతుంది.

గింజుకునేవాళ్ళ తల పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటుంది. ఆ మనిషిని నేనే. చెయ్యి విరిచేస్తానన్నారు. ఒకటి ఇప్పటికే విరిచారు, బాపట్ల స్టేషన్లో, సువార్తని నా చంకలోంచి లాక్కున్న రోజు. ఎముక వంకరగానే అతుక్కుంది. అడ్డం వచ్చిన మా అమ్మని మీ తమ్ముడు కర్రతో కొట్టిన మచ్చ ఇప్పటికీ ఆవిడ తల మీద ఉంది. ఆ వంకర చేత్తోనే మీ తల పట్టుకుంటాను.

ఇక నా షరతు. సువార్తని వెంట తీసుకురండి. వచ్చేటప్పుడు ఇద్దరు, వెళ్ళేటప్పుడు మీరొక్కరే. పిల్ల గుమ్మంలో కనిపిస్తేనే మిమ్మల్ని లోపలికి పిలుస్తాను. ఇష్టం లేకపోతే గుంటూరు పోండి, అక్కడా గొట్టాలున్నాయి.

ఇంకొకటి. తాగి రావద్దు. నేను ముందే కనిపెడతాను. ఏడేళ్ళు మన ఇంట్లో ముందు ఆ వాసన వచ్చేది, వెనకే దెబ్బ వచ్చేది.

సెప్టెంబరు నాలుగు, బుధవారం.

రాహేలు


రేపల్లె
22 ఆగస్టు 1991

రాహేలూ,

పిల్లని అడుగుతున్నావా? నా ప్రాణం మీదికొచ్చిందని తెలిసి బేరం పెడుతున్నావా? ఎంత గుండె నీకు! నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాను. సొట్టపడింది. అక్కడికి పోతే నువ్వే గొట్టం గట్టిగా పొడిచి చంపుతావని మా అమ్మ అంటోంది, చంపుతావు కూడా. గుంటూరే పోతాను. అక్కడ నా తల పట్టుకోడానికి పగవాళ్ళు లేరు. పిల్ల కోసం ఇటు అడుగు పెట్టావంటే ఆ రెండో చెయ్యి కూడా ఉండదు, జాగ్రత్త.

25 ఆగస్టు

పైది పోస్టు చెయ్యలేదు. చించేద్దామనుకుని చించలేదు. నేనేంటో నీకు తెలియంది కాదు గదా, ఉండనీ.

నిన్న మళ్ళీ రక్తం పడింది, మొదటిసారి కన్నా ఎక్కువ. సువార్త పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఏడవలేదు. పళ్ళెం కడిగి తెచ్చి మళ్ళీ పట్టుకుంది. తల నిమురుదామని చెయ్యెత్తాను. పళ్ళెం వదిలేసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కొడతాననుకుంది రాహేలూ. దాన్ని నేనెప్పుడూ కొట్టలేదు. నిన్ను కొడుతుంటే చూసింది, అంతే.

ఆ పళ్ళెం చప్పుడు నిన్నటినుంచీ నా చెవిలోనే ఉంది.

తీసుకొస్తాను. నాలుగో తారీఖు, మొదటి బండికి.

ఏసుపాదం


తెనాలి
4 సెప్టెంబరు 1991

ఏసుపాదం,

ఇక నీకు గారూ లేదు, మీరూ లేదు.

ఉతికిన చొక్కా వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చావు. మూడేళ్ళలో ఎంత ఎదిగింది! నా పోలికే వచ్చింది, నా నుదురే. దగ్గరికి తీసుకుందామని వంగాను. నీ నోట్లోంచి గుప్పున వాసన.

ఇంకేమీ కనపడలేదు నాకు. చాచి కొట్టాను. రోగులందరూ చూస్తుండగా కొట్టాను. గాజు పగిలి నీ పెదవి చిట్లింది. ఆ రక్తం చూస్తే నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పాలి, అందుకే రాస్తున్నాను. ఏడేళ్ళలో ఒక్కసారైనా నిన్ను అట్లా కొట్టుంటే నా చెయ్యి నాకు మిగిలేది. కంపౌండరు వచ్చి నా భుజాలు పట్టుకోకపోతే ఆపేదాన్ని కాదు.

"నాన్న తాగలేదమ్మా" అంది సువార్త. "అబద్ధాలకోరుదానా, ఇది నేర్పి తెచ్చాడా నిన్ను?" అని దాని మీదా అరిచాను. నువ్వు నోరెత్తలేదు. ఏం చెబుతావు నోరెత్తి? దాన్ని లాక్కుని గేటు దాటావు. కంపౌండర్ని విదిలించుకుని నేను వచ్చేసరికి రిక్షా మలుపు తిరిగింది. పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

నా కూతుర్ని నా కళ్ళ ముందు రెండోసారి ఎత్తుకుపోయావు. రక్తం కక్కుకుని చావు. నేను మాత్రం పిల్ల కోసం వస్తాను. మీ తమ్ముణ్ణి కర్రలు సిద్ధం చేసుకోమను, ఈసారి నేను ఉత్త చేతులతో రాను.

రాహేలు


రేపల్లె
9 సెప్టెంబరు 1991

రాహేలుకి,

నీ తిట్లన్నీ చదివాను. ఇప్పుడు నా మాట విను. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్.

ఆ రోజు తెల్లవారుతుండగా రాజారత్నం అయ్యగారు మా ఇంటికొచ్చారు. నేనే రమ్మన్నాను. ఆ పరీక్షలోనే పోతే ప్రభు భోజనం పుచ్చుకోకుండా పోతానని నా భయం. నిన్ను కొట్టి తరిమినప్పటినుంచీ అయ్యగారు నన్ను గుళ్ళో ఆ సంస్కారానికి రానివ్వడం లేదు, అది నీకు తెలియదు. పిల్లని తల్లికి అప్పగించడానికి పోతున్నానంటే అప్పుడు ఒప్పుకున్నారు. రొట్టె ఇచ్చారు, గిన్నె ఇచ్చారు. మా అమ్మ అలిగి లేవలేదు, పిల్ల ఇంకా నిద్రలో ఉంది. పుచ్చుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. గిన్నెలో పులిసిన ద్రాక్షరసం సగానికి పైన మిగిలిపోయింది. ఆశీర్వదించింది మట్టిలో పారబొయ్యరు గదా, తిరిగి సీసాలో పొయ్యరు గదా. "ముగించు ఏసుపాదం" అన్నారు అయ్యగారు. ముగించాను.

అది తాగుడని నాకు తోచలేదు. తిండనీ తోచలేదు. నువ్వు కాఫీ వద్దన్నావు, నీళ్ళు వద్దన్నావు, బీడీ వద్దన్నావు. ఇది వద్దన్లేదు. మన గుడి జనంలో ఎవడైనా దీన్ని తాగుడు కింద అనుకుంటాడా, నువ్వే చెప్పు.

అక్కడే ఎందుకు చెప్పలేదంటావు. నీ దెబ్బ పడగానే నా కుడి చెయ్యి లేచింది. కంపౌండరు అడ్డం వచ్చాడు కాబట్టి నువ్వు చూడలేదు. సువార్త ఆ చేతినే పట్టుకుని ఉంది. నా చేతితో పాటు దాని చెయ్యీ పైకి లేచింది. వదల్లేదది, ఇంకా బిగించింది. నోరు తెరిస్తే నాకు ముందు బూతు వస్తుంది, బూతు వెనకాల దెబ్బ వస్తుంది. నా సంగతి నాకు తెలియదా? పళ్ళు బిగబట్టి వచ్చేశాను. స్టేషన్లో ఇనప స్తంభాన్ని గుద్దితే చెయ్యి వాచింది, ఇప్పటికీ కలం సరిగ్గా ఆనడం లేదు.

పిల్ల అన్నం ముట్టడం లేదు. "అమ్మ నన్ను అబద్ధాలకోరు అంది" అని మా అమ్మతో అందట, నాతో ఏమీ అనదు. నీకు రాయాల్సిన బూతులు చాలా ఉన్నాయి నా దగ్గర. రాయడం లేదు, గమనించు.

ఏసుపాదం


బాపట్ల
15 సెప్టెంబరు 1991

సువార్త నాన్నగారికి,

ఆదివారం గదా, అమ్మ దగ్గరికి వచ్చాను. మీ ఉత్తరం చదివి వినిపించాను. "ఆడి మాట నమ్మబాకే. ఆడు నోరిప్పితే అబద్ధం" అంది అమ్మ, తల మీద మచ్చ తడుముకుంటూ. నేనూ నమ్మలేదు. ఇద్దరం గుడికెళ్ళాం.

ఇవాళ ఇక్కడ ప్రభు భోజన సంస్కారం. అందరూ పుచ్చుకున్నాక అయ్యగారు గిన్నె ఎత్తి, అడుగుదాకా తాగి, గుడ్డతో తుడిచారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మా నాన్న గుడి పెద్దగా ఉన్నప్పుడు ఆయన కూడా మిగిలింది తాగి వచ్చేవాడు. ఆయన చెయ్యి పట్టుకుని, ఆ వాసన పీలుస్తూ ఇంటికి నడిచేదాన్ని. నాకు ఇష్టమైన వాసన అది. మీ నోట్లోంచి వస్తే దాన్ని పోల్చుకోలేకపోయాను. మీ నోట్లోంచి ఏ వాసనొచ్చినా నా ఒంటికి ఒకటే తెలుసు. అట్లా నేర్పారు మీరు.

అమ్మ కూడా ఆ గిన్నె వైపే చూసింది. గుడి బయటికొచ్చాక, "పోనీ ఈ ఒక్కటీ నిజమేనేమోలే" అంది.

కొట్టినందుకు క్షమించమని అడగను. మీరు నన్ను కొట్టినవాటి పక్కన అదెంత? కానీ నా బిడ్డ నిజం చెబితే అబద్ధమన్నాను. తలుచుకుంటే నా నోరు నేనే పీక్కోవాలని ఉంది. ఇది దానికి చదివి వినిపించండి: "సువార్తా, నువ్వు చెప్పిందే నిజం. అమ్మదే తప్పు. అన్నం తిను తల్లీ."

ఇరవై అయిదో తారీఖు, బుధవారం, ఇద్దరూ రండి. ఆ రోజు నేను చేసిన గొడవకి డాక్టరు వేంకటసుబ్రహ్మణ్యం గారు నన్ను నానా చీవాట్లూ పెట్టారు. మీకు ఇంకో రోజివ్వమని ఆయన్ని బతిమాలుకున్నాను. ఈసారి ప్రభు భోజనం పరీక్ష అయ్యాక పుచ్చుకోండి. గుడి గిన్నె అయినా కల్లు ముంత అయినా కడుపుకి ఒకటే. నేను ఆ రోజు కొట్టి తరిమాను కాబట్టి బతికిపోయారు. అట్లాగే పడుకోబెట్టి ఉంటే అదంతా ఊపిరితిత్తుల్లోకి పోయేది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకు రాలేదు.

రాహేలు


రేపల్లె
27 సెప్టెంబరు 1991

రాహేలుకి,

ఇల్లు చేరాను. గొంతు మండుతోంది. చేదు మందు, తిమ్మిరి, చొంగ, తేన్పులు అన్నీ నువ్వు రాసినట్టే జరిగాయి. ఒక్కటి నువ్వు రాయలేదు.

"మింగండి" అన్నారు, మింగాను. సగం దిగేదాకా బాగానే ఉన్నాను. తర్వాత నా ఒళ్ళు నా మాట వినలేదు. చస్తున్నాననిపించింది. కాళ్ళతో తన్నాను, కంపౌండరు వాటి మీద పడ్డాడు. చెయ్యి విసిరాను. ఎవరికి తగులుతుందో చూడలేదు, ఎవరికో ఒకరికి తగలాలనే విసిరాను. నీ డొక్కలో తగిలింది. నువ్వు అమ్మా అని కూడా అనలేదు. నా తల వదల్లేదు. "ముక్కుతో పీల్చండి. వదలండి. మళ్ళీ పీల్చండి" అన్నావు, ఎవరో పరాయి రోగికి చెప్పినట్టు.

అప్పుడు నీ మణికట్టు నా కళ్ళ ముందుకొచ్చింది. ఎముక పొడుచుకొచ్చిన చోటు, జానెడు దూరంలో. తల తిప్పుకుందామంటే నువ్వు పట్టుకున్నావు. కళ్ళు మూసుకుంటే డోకు ఎక్కువవుతోంది. ఏమైనా అందామంటే నోట్లో గొట్టం. తీసేదాకా దాన్నే చూస్తూ పడుకున్నాను. అది విరిగినప్పటి చప్పుడు నేను విన్నాను రాహేలూ. విని కూడా పిల్లని లాగాను.

లేచాక నీతో ఒక మాట చెబుదామనుకున్నాను. నాలుక తిరగలేదు. నువ్వు మూతి తుడుచుకోమని గుడ్డ చేతిలో పెట్టి, గొట్టం కడగడానికి పక్క గదిలోకి పోయావు.

సువార్త బట్టల సంచీ దాని దగ్గరే ఉంది. పలక సంచీలో అడుగున పెట్టాను. రిపోర్టు వచ్చాక రాయి.

ఏసుపాదం


తెనాలి
8 అక్టోబరు 1991

సువార్త నాన్నగారికి,

రిపోర్టు వచ్చి వారమైంది. కావాలనే రాయలేదు.

చస్తానన్న భయంతో మీరు పిల్లనిచ్చారు. ఆ భయం పోయిన రోజున ఏం చేస్తారు? మళ్ళీ మీ తమ్ముడు, మళ్ళీ కర్రలు, మళ్ళీ నా చంకలోంచి లాక్కోవడం. మీరు ఆ భయంలోనే ఉండాలని కోరుకున్నాను. రోజూ పొద్దున సువార్తకి జడ వేస్తూ, ఇవాళ కూడా రాయను అనుకునేదాన్ని. నిన్న జడ వేస్తుంటే అదే అడిగింది, "నాన్న చచ్చిపోతాడా అమ్మా?" అని. దానికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

క్యాన్సరు కాదు. పుండు. డాక్టరుగారు రాసిన మాత్రలు మానకుండా వేసుకుని, తాగుడు జోలికి పోకపోతే మానిపోతుంది. బతుకుతారు.

బతుకుతారు కాబట్టి ఇది కూడా వినండి. పిల్ల కోసం ఈ గుమ్మం తొక్కితే ఈసారి విరిగేది నా చెయ్యి కాదు. కత్తిపీట తలుపు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను. నరుకుతాను. నరికి జైలుకి పోతాను, దాన్ని మా అమ్మ పెంచుకుంటుంది. మీ చెయ్యి తగిలిన చోట డొక్క ఇంకా నల్లగానే ఉంది. మీ దెబ్బల్లో అదే ఆఖరిది.

రాహేలు


రేపల్లె
12 అక్టోబరు 1991

రాహేలుకి,

కత్తిపీట వంటింట్లో పెట్టుకో. పిల్ల తిరిగే చోట అట్లాంటివి పెట్టకు.

నీ రిపోర్టు కోసం నేను ఆగలేదు. నువ్వు గొట్టం కడగడానికి పోయినప్పుడు డాక్టరుగారి చొక్కా పట్టుకుని ఆపాను. మాట రాక, పీక కోసినట్టు చేత్తో చూపించి కళ్ళతో అడిగాను. ఆయన నవ్వి, "ముక్క పంపించడం పద్ధతయ్యా. నా కంటికి ఉత్త పుండే. తాగకపోతే ముసలాడివయ్యేదాకా బతుకుతావు, ఫో" అన్నారు.

అప్పటికి నువ్వింకా లోపలే ఉన్నావు. సువార్త బయట బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. రిక్షా గేటు దగ్గరే ఉంది. "ఏమీ లేదంటే పిల్లని తిరిగి తెచ్చెయ్" అని మా అమ్మ పొద్దున చెప్పే పంపింది. అబద్ధమెందుకు, నా చెయ్యి పోయి దాని భుజం మీద పడింది. పిల్ల నా వైపు చూడలేదు. నువ్వు వెళ్ళిన తలుపు వైపే చూస్తోంది. చెయ్యి తీసేశాను.

నీ మీద కోపం పోయిందనుకోకు. ఆ చెంపదెబ్బ ఇంకా గుర్తుంది. నేను మంచివాణ్ణయిపోయాననీ అనుకోకు, మొన్న కూడా మిల్లులో ఒకణ్ణి కొట్టబోతే దేవదానం పట్టుకున్నాడు. అందుకే నాకై నేను అక్కడికి రాను. ఎప్పుడైనా నువ్వు రమ్మంటే, నువ్వు ఎదురుగా ఉంటే వస్తాను. మా తమ్ముడికీ అదే చెప్పాను, వాడికి అర్థమయ్యేటట్టే చెప్పాను.

ఆ రోజు తెనాలి స్టేషన్లో టికెట్లిచ్చేవాడు "ఎన్ని?" అన్నాడు. నాలుక ఇంకా మొద్దుబారే ఉంది. వేలు చూపించాను. రేపల్లెకి ఒక్క టికెట్టే ఇచ్చాడు.

ఏసుపాదం